మనవాళ్లపై మనమే నవ్వవచ్చునా?

సొంత జాతిని, సొంత కులాన్ని, సొంత యాసను వేళాకోళం చేసే హక్కు పుట్టుకతోనే వస్తుందా? ఆ నవ్వుకు వెల చెల్లించేది ఎవరు?

2015లో సుప్రీంకోర్టు ముందుకు ఒక అరుదైన అభ్యర్థన వచ్చింది. సిక్కు మతస్థురాలైన ఒక మహిళా న్యాయవాది, సర్దార్జీలను తెలివితక్కువవారుగా చిత్రించే హాస్యకథలు ఇంటర్నెట్‌లో వ్యాపించకుండా నిషేధించాలని కోరుతూ ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు. ఆమె చూపిన కారణాలలో ఒకటి మనసును తాకేది. ఈ వేళాకోళం భరించలేక తన పిల్లలు తమ పేర్ల చివర ‘సింగ్’, ‘కౌర్’ అన్న మాటలే వద్దంటున్నారని ఆమె చెప్పుకున్నారు.

2017 ఫిబ్రవరిలో న్యాయస్థానం తన అభిప్రాయాన్ని వెల్లడించింది. పౌరులు ఎట్లా ప్రవర్తించాలో నైతిక సూత్రాలు నిర్దేశించడం కోర్టుల పని కాదన్నది. నిర్దేశించినా వాటిని వీధివీధినా అమలు జరిపేదెవరని ప్రశ్నించింది. ఈనాడు ఒక వర్గానికి ఇటువంటి రక్షణ కల్పిస్తే రేపు మరొక వర్గం వచ్చి అదే కోరుతుందని కూడా హెచ్చరించింది. ఈ మాటలను కాదనడం కష్టం. నవ్వును చట్టంతో కట్టడి చేయబూనిన రాజ్యాలు చివరకు తామే నవ్వులపాలైనాయి.

చట్టం తప్పుకున్నది గాని ప్రశ్న తప్పుకోలేదు. పైగా ఈ వ్యవహారంలో ఒక చిక్కు ఉన్నది. సర్దార్జీ హాస్యకథలను అచ్చువేసి దేశమంతటా పంచిపెట్టిన వారిలో అందరికంటె పేరుపొందిన వ్యక్తి స్వయంగా ఒక సర్దార్జీ. ఆయన ఖుష్వంత్ సింగ్.

ఒక రచయిత, రెండు రకాల పుస్తకాలు

1915లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న హడాలీ గ్రామంలో జన్మించిన ఖుష్వంత్ సింగ్, 1969 నుంచి 1978 వరకు ‘ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ’ సంపాదకులుగా పనిచేశారు. ఆయన కూర్చిన హాస్యకథల సంపుటాలు రైల్వే స్టేషన్ల పుస్తకాల దుకాణాలలో వేడివేడి పకోడీల వలె అమ్ముడుపోయాయి. సంతా, బంతా అనే అమాయకపు జంటను ఇంటింటికీ పరిచయం చేసిన ఘనతలో ఆయనకు పెద్ద వాటా ఉన్నది. ఆత్మవిశ్వాసం గల జాతి మాత్రమే తనను చూసి తాను నవ్వుకోగలదన్నది ఆయన వాదం.

ఇక్కడ గమనించదగినది మరొకటి ఉన్నది. 1963లోను, 1966లోను రెండు సంపుటాలుగా వెలువడిన ప్రామాణిక సిక్కు చరిత్రను రాసినది కూడా ఈయనే. సంతా, బంతాల రచయిత తన జాతి వీరగాథలను, వేదనలను పుటపుటనా నమోదు చేసినవాడు. కనుక ఆయన నవ్వులో చిన్నచూపు లేదు. ఇంటి పెద్ద భోజనాల దగ్గర తన తమ్ముణ్ణి ఆటపట్టించినట్లుగా ఆ నవ్వు సాగింది.

1984 జూన్‌లో స్వర్ణదేవాలయంపై జరిగిన సైనిక చర్యకు నిరసనగా ఆయన తనకు 1974లో లభించిన పద్మభూషణ్ పురస్కారాన్ని తిరిగి ఇచ్చివేశారు. అదే సంవత్సరం ఇందిరాగాంధీ హత్యానంతరం ఢిల్లీలో సిక్కులపై దారుణ హింసాకాండ చెలరేగింది. ప్రభుత్వం అంగీకరించిన లెక్కల ప్రకారమే ఒక్క ఢిల్లీలో 2,733 మంది బలియైనారు. ఆ రోజులలో ఖుష్వంత్ సింగ్ వంటి ప్రముఖుడు కూడా ప్రాణరక్షణ కోసం స్వీడన్ దౌత్య కార్యాలయంలో తలదాచుకోవలసి వచ్చింది.

హాస్యకథలే ఆ హింసకు కారణమని ఎవరూ అనలేరు. అటువంటి వాదం చరిత్రకు అన్యాయం చేస్తుంది. అయితే వీధిలో గుమిగూడిన మూక తలపాగాను తప్ప, దాని కింద ఉన్న మనిషిని చూడలేదు. ఒక మనిషిని మనిషిగా కాక ఒక గుర్తుగా మాత్రమే చూసే అలవాటు ఎక్కడెక్కడ పెరుగుతుందో విచారించుకోవడం మాత్రం మన విధి.

తనపై తాను నవ్వుకోవడంలోని బలం

సొంతవారిపై హాస్యం అంతా తప్పేనని తీర్మానించబోయే ముందు, అది మనుషులకు ఎంత మేలు చేసినదో కూడా తెలుసుకోవాలి.

మనస్తత్వశాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో హాస్యోక్తులపై ఒక గ్రంథం వెలువరించాడు. తాను యూదుడు కావడంచేత ఆయన తన ఉదాహరణలలో చాలా భాగం యూదుల నుంచే తీసుకున్నాడు. తమ స్వభావాన్ని తామే ఇంతగా ఎగతాళి చేసుకునే జాతి మరొకటి ఉన్నదో లేదోనని ఆయన ఆశ్చర్యపడ్డాడు. అంతకంటె విలువైన ఒక భేదాన్ని కూడా చూపించాడు. బయటివారు యూదులపై అల్లిన కథలు చాలావరకు మోటువి. వాటిలో యూదుడు ఒక వింత జంతువు మాత్రమే. యూదులే చెప్పుకునే కథలలో వారి నిజమైన లోపాలు కనిపిస్తాయి. ఆ లోపాలకు, వారి సద్గుణాలకు ఉన్న చుట్టరికం కూడా కనిపిస్తుంది. పిసినారితనం వెనుక ఉన్న పేదరికం, వాదులాట వెనుక ఉన్న విద్యాసక్తి తెలిసినవాడు మాత్రమే అట్లా నవ్వగలడు.

మన దేశంలో పార్సీలు ఇందుకు చక్కని ఉదాహరణ. 2001 జనాభా లెక్కలలో 69,601గా ఉన్న వీరి సంఖ్య 2011 నాటికి 57,264కు తగ్గిపోయింది. ఇంతటి చిన్న సమాజం కనుమరుగవుతున్నదన్న భయంతో ముడుచుకుపోయినా ఆశ్చర్యం లేదు. అయినా బొంబాయి రంగస్థలంపై ఆది మర్జబాన్ గుజరాతీ ప్రహసనాలను చూసి, తమ చాదస్తాలకు తామే పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వుకున్నవారు వీరే. 2008లో సూనీ తారాపూర్‌వాలా ‘లిటిల్ జిజూ’ అనే చలనచిత్రం నిర్మించి, రక్తశుద్ధి పేరిట తమలో కొందరు ప్రదర్శించే మూఢాభిమానాన్ని చురుకుగా పరిహసించారు. ఆ పరిహాసం వలన పార్సీల గౌరవం తగ్గలేదు. ఆ మాట పార్సీయే అన్నందువలన వినవలసినవారికి అది బయటి వారి నిందగా వినబడలేదు.

తనపై తాను నవ్వుకోగలవాడు అవతలివాని చేతిలోని కర్రను ముందే లాగేసుకుంటాడు. ఇట్లా ఊహించండి: రైలు ప్రయాణంలో ఒకడు తోటి సర్దార్జీని ఏడిపించదలచి, “మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే మీవాళ్లకు మతి తప్పుతుందటగా?” అంటాడు. సర్దార్జీ చేతిగడియారం చూసుకొని, “నిజమేనండీ. మాకు ఆ ఒక్క గంట చాలు. మిగిలిన ఇరవైమూడు గంటలు మీకే వదిలిపెట్టాము” అంటాడు. ఇందులో సర్దార్జీ తనపై వచ్చిన నిందను కాదనలేదు, కోపించలేదు, ఒప్పుకుంటూనే గెలిచాడు. బలహీనుని చేతిలో హాస్యం చేసే పని ఇదే.

ఇంటి గుట్టు వీధిన పడితే

“ఇంటి గుట్టు లంకకు చేటు” అన్నారు పెద్దలు. హాస్యకథ విషయంలో ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. ఇంట్లో చెప్పుకునే కథకు చెప్పేవాని కంఠస్వరం, వినేవాని చుట్టరికం, వెనుక ఉన్న తరతరాల పరిచయం తోడుగా నిలుస్తాయి. అదే కథ గుమ్మం దాటగానే వాటన్నిటినీ వదిలించుకుంటుంది. చెప్పినవాని పేరు జారిపోతుంది. ప్రేమ జారిపోతుంది. చివరకు మిగిలేది ఒక్క ముక్క: “ఆ జాతివాళ్లు ఇంతే.”

పైన చెప్పిన పన్నెండు గంటల వేళాకోళమే చూడండి. సిక్కు కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకునే కథనం వేరు. 18వ శతాబ్దంలో విదేశీ దండయాత్రికులు స్త్రీలను బందీలుగా పట్టుకుపోతూ ఉంటే, సిక్కు యోధులు అర్ధరాత్రివేళ వారి విడుదులపై దాడిచేసి బందీలను విడిపించేవారని, ‘పన్నెండు గంటలు’ అన్న మాట అక్కడినుంచే వచ్చిందని వారు చెబుతారు. ఒక జాతి తన సాహసానికి గుర్తుగా తలచుకునే గంట, మరొకరి నోట పిచ్చికి గుర్తయింది. ఆ మాట అని నవ్వే పిల్లవానికి ఈ కథ తెలియదు. ఆ మాట పడే పిల్లవానికి అది చిన్ననాటినుంచి తెలుసు. ఆ తేడాలోనే గాయం ఉన్నది.

గుమ్మం దాటిన నవ్వు హాస్యకారుణ్ణి సైతం ఎట్లా కలవరపెడుతుందో అమెరికా నల్లజాతి హాస్యనటుడు డేవ్ షపెల్ అనుభవం వల్ల తెలుస్తుంది. 2003లో ప్రారంభమైన ఆయన టెలివిజన్ కార్యక్రమం విశేషాదరణ పొందింది. తన జాతి గురించి అమెరికా పెంచుకున్న దురభిప్రాయాలను తలకిందులు చేసి నవ్వించడం ఆయన పద్ధతి. ఒకసారి ఆయన ముఖానికి నల్లరంగు పూసుకొని, పాత కాలపు అవమానకర వేషాన్ని వెక్కిరించే ఒక ఘట్టాన్ని చిత్రీకరిస్తుండగా, అక్కడ ఉన్న ఒక తెల్లజాతి వ్యక్తి అదేపనిగా నవ్వాడు. ఆ నవ్వు షపెల్ చెవికి తేడాగా వినిపించింది. ఆ వేషంలోని మూర్ఖత్వాన్ని చూసి కాక, వేషం వేసిన జాతిని చూసి ఆ మనిషి నవ్వుతున్నాడని ఆయనకు తోచింది. 2005లో, 5 కోట్ల డాలర్ల ఒప్పందమని పత్రికలు రాసిన ఆ కార్యక్రమాన్ని మధ్యలో వదిలిపెట్టి ఆయన దక్షిణాఫ్రికాకు వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరం ఒక టెలివిజన్ సంభాషణలో ఈ సంగతి స్వయంగా వివరించాడు.

షపెల్ కథలో ఒక్క అక్షరం మారలేదు. మారినది వినేవాడు. హాస్యానికి అర్థం సగం చెప్పేవానిది, సగం వినేవానిది. కాబట్టి “నేనూ ఆ జాతివాణ్ణే, నాకు హక్కు ఉన్నది” అనే సమర్థన సగం మాత్రమే నిలుస్తుంది.

‘మనవాళ్లు’ అంటే ఎవరు?

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. బయటినుంచి చూస్తే ఒక్కటిగా కనిపించే ప్రతి సమాజంలోను లోపల మెట్లు ఉంటాయి. పై మెట్టున ఉన్నవాడు కింది మెట్టున ఉన్నవానిని చూపించి నవ్వుతూ, “మావాళ్లే కదా” అనవచ్చును. కాని ఆ ‘మా’ అన్న మాటలో కింద ఉన్నవానికి నిజంగా చోటు ఉన్నదా?

ఇందుకు మన తెలుగు సినిమాలే సాక్ష్యం. దశాబ్దాల తరబడి వాటిలో తెలంగాణ యాస ఎక్కువగా నౌకర్ల నోట, రౌడీల నోట, హాస్యపాత్రల నోట పలికింది. నాయకుడు మాత్రం మరొక ప్రాంతపు భాషను ‘శుద్ధంగా’ మాట్లాడేవాడు. “తెలుగువారం తెలుగువారిపై నవ్వుకుంటే తప్పేమిటి?” అని అడిగినవారు లేకపోలేదు. అయితే ఆ ప్రశ్న అడిగినవాని యాసపై ఎవరూ నవ్వలేదు. వెలుపలికి పోతే తెలుగువారందరికీ ఇదే అనుభవం. ఉత్తరాదివారు మనను, తమిళులను, మలయాళులను, కన్నడిగులను ఒకే గాటన కట్టి ‘మద్రాసీ’లన్నారు. 1968 నాటి ‘పడోసన్’ హిందీ చిత్రంలో మెహమూద్ ధరించిన దక్షిణాది సంగీతగురువు పాత్రను చూసి దేశమంతా నవ్వింది. ఢిల్లీలో ‘మద్రాసీ’ అనిపించుకుని చిన్నబుచ్చుకున్నవాడే ఇంటికి తిరిగివచ్చి తోటి తెలుగువాని యాసను అనుకరించి నవ్వించబోతే, నేర్చుకోవలసిన పాఠం ఇంకా నేర్చుకోలేదన్నమాట.

అదే యాస 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రంలోనూ నవ్వు పుట్టించింది. ఒక పల్లెలో చావు జరిగిన ఇంటిచుట్టూ అల్లిన ఆ కథలో హాస్యానికి కొదవ లేదు. కాని అక్కడ ఆ యాసలో నవ్వించినవారు, ఏడ్చినవారు, అలిగినవారు, క్షమించినవారు అందరూ ఉన్నారు. యాస నవ్వులాట వస్తువు కాక, పూర్తి మనుషుల మాటగా వినిపించింది. ఒక సమాజపు మనుషులను అన్ని రసాలతోను చూపించినప్పుడు హాస్యరసం కూడా వారికి అలంకారమే అవుతుంది.

సొంతవారిని పరిహసించడంలో మనకు ఒక మహోన్నత ఉదాహరణ ఇంట్లోనే ఉన్నది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గురజాడ అప్పారావు తాను పుట్టిన బ్రాహ్మణ సమాజాన్నే కడిగివేశారు. అగ్నిహోత్రావధాన్లు కోపాన్ని, లుబ్ధావధాన్లు పిసినిగొట్టుతనాన్ని చూసి నాలుగు తరాలవారు నవ్వుకున్నారు. ఆ నవ్వు వెనుక ఉన్న లెక్కలు మాత్రం నవ్వు పుట్టించేవి కావు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు 1,034గా తేలినట్లు, వాటిలో ఏడాది వయసు పసికందులు ముగ్గురున్నట్లు ఆయన తొలికూర్పు పీఠికలోనే తెలిపారు.

గురజాడ ఎవరిని పరిహసించారో చూడండి. అమ్ముడుపోయిన పిల్లలను గాని, వితంతువులను గాని ఆయన ఎగతాళి చేయలేదు. కొన్నవానిని, అమ్మినవానిని, మధ్యవర్తిని ఎగతాళి చేశారు. తనను కూడా మినహాయించుకోలేదు. సంస్కరణ పేరిట గొప్పలు చెప్పే గిరీశం, గురజాడ వలెనే ఇంగ్లీషు చదువు వంటబట్టించుకున్నవాడు. సొంత సమాజంలో బలవంతులపై ఎక్కుపెట్టిన ఇటువంటి హాస్యానికి బలహీనులు భయపడవలసిన పని లేదు.

తలపాగా తీయకుండానే నవ్వించినవాడు

మళ్లీ సర్దార్జీల దగ్గరకు వద్దాము. ఖుష్వంత్ సింగ్ మార్గం ఒక్కటే మార్గం కాదని మరొక సిక్కు నిరూపించాడు. అమృత్‌సర్‌లో 1955లో జన్మించిన జస్పాల్ భట్టి చదువురీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1989లో దూరదర్శన్‌లో ప్రసారమైన ఆయన ‘ఫ్లాప్ షో’ పది భాగాలు మాత్రమే వచ్చినా దేశం ఇప్పటికీ మరచిపోలేదు. నాసిరకం పనులు చేసే కాంట్రాక్టరు, శిష్యులను ఇంటి చాకిరీకి వాడుకునే ఆచార్యుడు, లంచాలు మరిగిన ఉద్యోగి ఆయన హాస్యానికి వస్తువులైనారు.

ఆయన తలపాగాతోనే తెరపైకి వచ్చాడు, తలపాగాతోనే నవ్వించాడు. అయితే తలపాగాను మాత్రం నవ్వులాట వస్తువు చేయలేదు. ఆయన పాత్ర తెలివితక్కువ పనులు చేసినప్పుడు ప్రేక్షకునికి “సర్దార్జీ కదా” అనిపించలేదు. “మనమూ ఇంతే కదా” అనిపించింది. 2012లో రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించినప్పుడు దుఃఖించినవారు ఏ ఒక్క రాష్ట్రానికో, మతానికో చెందినవారు కారు. మరుసటి సంవత్సరం ఆయనకు మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించారు.

చెప్పబోయే ముందు నాలుగు ప్రశ్నలు

సొంతవారిపై ఒక హాస్యకథ నాలుక చివరకు వచ్చినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

1. ఈ నవ్వులో నేనూ ఉన్నానా? నన్ను నేను గట్టున నిలబెట్టుకొని మిగిలినవారిని మాత్రమే నీటిలోకి తోస్తున్నానా?

2. దెబ్బ ఎవరికి తగులుతున్నది? మా సమాజంలో పెత్తనం చేసేవారికా, పెత్తనం భరించేవారికా?

3. ఇదే మాట నావాడు కాని ఒకడు, నావాడైన ఒక పసివానితో బడిలో అంటే నేను సహించగలనా?

4. ఈ కథలో మనిషి ఉన్నాడా, ముద్ర మాత్రమే ఉన్నదా? పేరు మార్చి మరొక జాతికి అతికించినా కథ చెక్కుచెదరకపోతే, అందులో మనవారిని గురించిన సత్యమేదీ లేదన్నమాట. నిజానికి ‘తెలివితక్కువవాడి’ కథలు అనేక దేశాలలో ఒకటే. ఇంగ్లండులో ఐరిష్‌వానికి, అమెరికాలో పోలండువానికి, మన దేశంలో సర్దార్జీకి వాటిని తగిలించారు, అంతే.

వీటిలో ఒకటి రెండింటికి జవాబు అనుకూలంగా లేకపోయినా కథ చెప్పనే కూడదని కాదు. ఎక్కడ, ఎవరి ఎదుట చెప్పాలో ఆలోచించుకోవాలి. ఒకప్పుడు మాట గుమ్మం దాటడానికి కొంత కాలం పట్టేది. ఇప్పుడు చేతిలోని ఫోను ద్వారా క్షణంలో లక్షమందిని చేరుతున్నది. చెప్పినవాడు ఎవరో, ఏ ప్రేమతో చెప్పాడో ఆ లక్షమందికీ తెలిసే మార్గం లేదు.

వినేవారికి కూడా ఒక ధర్మం ఉన్నది. మిత్రుడు తన జాతిపై తానే ఒక కథ చెప్పి నవ్వించినప్పుడు మనమూ హాయిగా నవ్వవచ్చును. నవ్వకపోతే అతనిని చిన్నబుచ్చినవారమవుతాము. అతడు ఆ క్షణాన మనలను తన ఇంటిలోనికి పిలిచి భోజనం వడ్డించాడు. కడుపారా తిని, సంతోషించి, మెచ్చుకొని రావాలి. వడ్డించాడు కదా అని గిన్నెలు ఎత్తుకొని వచ్చి వీధిలో అమ్ముకోకూడదు.